పుల్లెద్దు బదులు మా బావ

ఇప్పుడంటే తెల్లారకముందే జోళ్ళు బిగించి రోడ్డెక్కి పరుగెత్తే పెద్దమనుషుల్ని చూసి చూసి వీధికుక్కలు కూడా మొరగడం మానేశాయి గానీ, ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, మా శ్రీకాకుళం చుట్టుపక్కల మనిషన్నవాడు పరుగెత్తాలంటే దానికో కారణం ఉండాలి. గడ్డిమేటు అంటుకోవాలి, గేదె నూతిలో పడాలి, నొప్పులు పడుతున్న కోడలికి మంత్రసాని కావాలి, లేదా ఆమదాలవలసలో రైలు కూత వేసెయ్యాలి. ఇవేవీ లేకుండా పరుగెత్తేవాడు దొంగైనా అయ్యుండాలి, అల్లుడైనా అయ్యుండాలి. (అల్లుడెందుకు పరుగెత్తుతాడని ఇప్పుడే అడగకండి, మా మావగారు పక్కగదిలో ఉన్నారు.) ఇంకో ధర్మం కూడా ఉండేది. ఎవడైనా పరుగెత్తుతూ కనబడితే చేతిలో పని అక్కడే పడేసి వాడి వెనకాల మనమూ పరుగెత్తాలి. ఎందుకు, ఏమిటి అన్నది గమ్యం చేరాక తీరుబడిగా అడగొచ్చు. ముందు అడిగి తర్వాత కదిలేవాణ్ణి "ఈడేటి మనిసిరా!" అనేవారు. అలాంటి దేశంలో మా డ్రిల్లు మాస్టారు పరుగు సంఘం పెట్టారు.

డ్రిల్లు మాస్టారు సరుగుడు బాదులా పొడుగ్గా, ఎక్కడా వంపు లేకుండా ఉండేవారు. ఎండైనా వానైనా ఖాకీ నిక్కరు, మెడలో ఈల. ఆ ఈల స్నానానికి వెళ్ళినప్పుడు కూడా తీసేవారు కారనీ, నీళ్ళు చల్లగా ఉంటే లోపల్నుంచి ఈల వినబడేదనీ వాళ్ళావిడే మా అత్తతో చెప్పిందట. ఆయన దగ్గర చదువుకుని బయటపడ్డవాళ్ళం, ఇంకా బయటపడనివాళ్ళం కొంతమందిమి పోగయ్యాం. క్రిస్మస్ సెలవులు రాగానే ఆయన శీతాకాలపు కార్యక్రమం ప్రకటించారు. రోజూ చీకటితో గుంపు పరుగు, పరుగయ్యాక చోడి (రాగుల్ని మేం చోళ్ళంటాం) అంబలి, సాయంత్రాలు చెడుగుడు, సెలవుల ఆఖర్న అందరం కలిసి శ్రీకూర్మం దాకా పరుగెత్తి స్వామి దర్శనం, ఆ పైన ప్రసాదం. (సంఘంలో సగంమంది ఈ ఆఖరి మాట విని చేరినవాళ్ళే. ధనుర్మాసంలో గుళ్ళో పెట్టే పొంగలి కోసం శ్రీకూర్మం కాదు, కాశీదాకా పరుగెత్తమన్నా పరుగెత్తే వయసు మాది.) సంఘానికి ఒకే ఒక్క కఠిన నియమం ఉండేది. పరుగులో నోరు విప్పకూడదు. "మాట్లాడినవాడు ఊపిరి పారబోసుకున్నట్టే. ఎవరు పలకరించినా సరే, చెయ్యెత్తి ముందుకు చూపించి సాగిపోండి. మర్యాదా దక్కుతుంది, ఊపిరీ దక్కుతుంది" అన్నారు మాస్టారు. ఊపిరి సంగతేమోగానీ, ఆ మర్యాదే మా కొంప ముంచింది.

సంఘం అందరిదీ అయినా అవసరం మాత్రం మా బావది. బావంటే మా మేనత్త కొడుకు. నాకన్నా కొంచెం పెద్ద, చాలా పొడుగు, కందిపప్పు బస్తాని తువ్వాలు వేసుకున్నంత తేలిగ్గా భుజానికెత్తుకునే బలం. మిలటరీలో చేరాలన్నది అతని కోరిక. విజయనగరంలో సెలక్షన్లు జరిగినప్పుడల్లా వెళ్ళేవాడు. ఎత్తు చూసి సెబాసనేవారు, ఛాతీ చూసి సెబాసనేవారు, పరుగు దగ్గరికొచ్చేసరికి ఇంటికి పొమ్మనేవారు. పరుగు రాక కాదు. అందరికన్నా ముందు బయల్దేరి, అందర్నీ దాటేసి, మైదానం చుట్టూ ఒకటి రెండుసార్లు తిరిగాక మా బావకి ఆలోచన వచ్చేది. ఆలోచన రాగానే ఆగిపోయేవాడు. మొదటిసారి ఆగిపోయినప్పుడు ఆఫీసరు కోపంగా కారణం అడిగితే, "బయల్దేరిన సోటికే మళ్ళీ మళ్ళీ వస్తన్నాం కదండీ. మరలాంటప్పుడు ఇక్కడే ఉండిపోతే పోలేదా?" అన్నాడట. రెండోసారి ఆలోచన రాకూడదని దారంతా ఆంజనేయ దండకం చదువుకుంటూ పరుగెత్తాడు. దండకం అయిపోగానే ఆలోచన వచ్చేసింది.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఆ సంక్రాంతి దాటితే అతనికి వయసు దాటిపోతుంది. సెలవులు ముగిసిన వెంటనే సెలక్షన్లు. అందులోనూ తప్పితే ఏం జరుగుతుందో మా మావ, అంటే బావ నాన్న, ముందే చెప్పేశాడు. మావకి ఆమదాలవలసలో ధాన్యం కొట్టుంది. అందులో పెద్ద కాటా, కాటా పక్కన ఒక చేతుల కుర్చీ. "పరిగెట్టినన్నాళ్ళు పరిగెట్టు. ఈపాలి కూడా తప్పితే కుర్సీలో కూకో. బస్తాలొస్తాయి, బస్తాలెల్తాయి. నీకిష్టమైన పనే కదా, ఎక్కడికీ కదలక్కర్నేదు" అన్నాడు. ఆ కుర్చీ పేరెత్తితే చాలు, మా బావ మొహం నూర్చిన గడ్డిలా అయిపోయేది. చిన్నప్పుడోసారి ఆ కుర్చీలో కూర్చుని నిద్రపోతే, లేచేసరికి మీసాలొచ్చినట్టు కల వచ్చిందట. (కల కాదు, మా బావకి నిజంగానే తొందరగా మీసాలొచ్చాయి.)

అత్త నన్ను పిలిచి చేతిలో నువ్వుండ పెట్టింది. "ఒరే, నువ్వెలాగూ ఊరికినే తిరుగుతన్నావు. ఆడి పక్కనే పరిగెడుతూ ఉండు. ఆడికి ఆలోసన రాకుండా సూడు" అంది. "ఆలోచన ఎలా ఆపుతానత్తా?" అంటే, "నువ్వు పక్కనుంటే ఎవులికీ ఆలోసనలు రావురా, నాకు తెలుసు" అంది. నా జీవితంలో నాకు దొరికిన మొదటి యోగ్యతాపత్రం అది.

మొదటి రోజు నాగావళి వంతెన దగ్గర కలుసుకునేసరికి చలికి సంఘం సగం కరిగిపోయింది. మిగిలినవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టాలంటే మంకీటోపీ పైకెత్తి చూసుకోవలసి వచ్చింది. మాలో ఒకడు పొందూరు ఖద్దరు పంచె గోచీ పోసి వచ్చాడు. (నిక్కరేసుకుంటే వాళ్ళ తాతగారి పరువు పోతుందట. దారిలో గోచీ ఊడిపోయి పోయిన పరువు మాట నేనిక్కడ ఎత్తను. వాడిప్పుడు చాలా పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యే దశలో ఉన్నాడు.) మాస్టారు ఈల వేశారు. శ్రీకూర్మం రోడ్డు పట్టుకుని బయల్దేరాం. అప్పుడే కోతలు పూర్తయి, రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో వరికుప్పలు మంచులో ముసలాళ్ళలా ముడుచుకు కూర్చున్నాయి.

మొదటి ఊరి మొదట్లోనే వేపపుల్ల నములుతున్న ముసలాయన మమ్మల్ని చూశాడు. "ఏటర్రా? ఏటయ్యింది?" అని కేకేశాడు. నియమం ప్రకారం మేమెవరం నోరు విప్పలేదు. అందరం ఒకేసారి చెయ్యెత్తి ముందుకు చూపించాం. మాస్టారు ఉత్సాహం కొద్దీ ఈల కూడా వేశారు. ముసలాయన నోట్లోంచి వేపపుల్ల జారి పడింది.

"ఓలమ్మో! కళ్ళాలంటుకున్నట్టున్నాయిరోయ్! నెగండ్రా, నెగండి! బేగి రండి!"

ఆ తర్వాత జరిగింది నేను చెప్తే మీరు కోతలంటారు. ఇళ్ళల్లోంచి మనుషులు కడవల్తో, బిందెల్తో, తడిపిన గోనెల్తో బయటికొచ్చారు. రోడ్డు పక్క కళ్ళాల్లో పని చేస్తున్నవాళ్ళు చేతిలో వరిపనలు పడేసి వాళ్ళతో కలిశారు. వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా మా వెనకే. వాళ్ళెందుకు వస్తున్నారో తెలియక మేం భయపడి ఇంకా జోరుగా పరుగెత్తాం. మేం జోరు పెంచేసరికి మంట పెద్దదై ఉంటుందని వాళ్ళూ జోరు పెంచారు. పక్క ఊరి పొలిమేర దాటేసరికి ఆ ఊరు కూడా కలిసింది. మా బావ మొహంలోకి చూశాను. పాపం, అతనికి ఆలోచన రావడానికి సందే లేదు. చివరికి మాస్టారు మైలురాయి దగ్గర ఆగి, ఈల వేసి, "వెనక్కి తిరుగు!" అన్నారు. తిరిగాం. రెండూళ్ళ జనం, మేమూ ముఖాముఖీ నిలబడ్డాం.

"ఎక్కడరా నిప్పు?" అన్నాడు ముసలాయన రొప్పుతూ.

"నిప్పా? నిప్పెక్కడిదయ్యా?" అన్నారు మాస్టారు.

"మరెందుకు పరిగెడతన్నారు?"

మాస్టారు ఆరోగ్యం గురించి, ఊపిరితిత్తుల గురించి ఏదో చెప్పబోయారు గానీ రొప్పు వల్ల మాట రాలేదు. ఆ సందులో మా బావ, ఎప్పుడూ నిజమే చెప్పే మా బావ, "ఊరికినే" అన్నాడు.

"ఊరికినే!" అన్నాడు ముసలాయన. "ఊరికినే!" అని వెనక వరుసకి, ఆ వెనక వరుసకి మాట పాకింది. గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. నడివయసు మనిషి. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, తలమీద నిండు కడవ. అంత దూరం పరుగెత్తుకొచ్చినా అందులోంచి చుక్క తొణకలేదు. ఊరంతా అప్పా (మా వైపు అక్కని అలాగే అంటారు) అని పిలిచేవారు, మేమూ తర్వాత అలాగే పిలిచాం. ఆవిడ మా బావని కిందనుంచి పైదాకా చూసి, మాస్టారి ముందుకెళ్ళి నిలబడి, కడవ దించి, నెమ్మదిగా, పొదుపుగా, ఆయన తలమీదనుంచి పోసింది.

"ఏమిటమ్మా ఇది!" అని ఎగిరారు మాస్టారు. డిసెంబరు నెల, తెల్లవారుజాము, నూతినీళ్ళు.

"ఊరికినే బాబూ. మీరు ఊరికినే పరిగెడతన్నారు, నాను ఊరికినే పోస్తన్నాను. మోసుకొచ్చిన నీల్లు మళ్ళీ మోసుకెల్లాలేటి?" అంది అప్ప.

జనం నవ్వారు. అక్కడితో అయిపోయేదే. ఇంతలో అప్ప కళ్ళంలో పనిచేసే పాలేరు రొప్పుకుంటూ వచ్చి, "అప్పా! పుల్లెద్దు పలుపు తెంపీసుకుని పారిపోనాది!" అన్నాడు. కళ్ళంలో మనుషులందరూ ఒక్కసారి లేచి పరుగెత్తేసరికి దానికేమనిపించిందో, అదీ పరుగు లంకించుకుందట. మనుషులు తూర్పుకి, ఎద్దు పడమరకి. (ఈ లోకంలో ఊరికినే పరుగెత్తిన రెండో ప్రాణి అది.) అప్ప మొహం మారిపోయింది. ఆకాశం వైపు చూసింది. మేమూ చూశాం. సముద్రం వైపునుంచి మబ్బు దట్టంగా పట్టివుంది. "వానొస్తాది. నూర్పు సగమే అయ్యింది. ఇప్పుడు నా బంతికి బయటెద్దు నేదు" అంది. అప్పటిదాకా నవ్విన జనం వెనక్కి తిరిగి తమ కళ్ళాల వైపు చూసుకున్నారు. ఆవిడకి మగదిక్కు లేదు. ఆ వరికుప్పే ఏడాది తిండి.

పట్నం పాఠకుల కోసం బంతి అంటే ఏమిటో చెప్పాలి. కళ్ళంలో వరిపనలు గుండ్రంగా పరిచి, ఎడ్లని ఒకదాని పక్కన ఒకటి వరసగా కట్టి, వాటిమీద చుట్టూ చుట్టూ తిప్పుతారు. తొక్కిడికి గింజ రాలుతుంది. ఆ వరసే బంతి. లోపలున్న ఎద్దు దాదాపు నిలబడ్డచోటే తిరుగుతుంది. ముసలి ఎద్దుకిచ్చే ఉద్యోగం అది. బయటి చివరనున్న ఎద్దు మాత్రం అన్నిటికన్నా పెద్ద చుట్టు తిరగాలి, మిగతావి నడిస్తే అది పరుగెత్తాలి. ఎర్రగోధుమ రంగు పుల్లెద్దే అప్పకి ఆ బయటెద్దు.

అప్ప మా బావ దగ్గరికొచ్చింది. భుజం తట్టి చూసింది. పిక్కలు చూసింది. చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "బాబూ, నీకు ఊరికినే పరిగెట్టడం అంత ఇష్టమైతే, వచ్చి నా కళ్ళంలో పరిగెట్టు. పుల్లోడొచ్చీదాకా నువ్వే నా పుల్లోడివి" అంది. మాస్టారు, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, "అది భావ్యం కాదమ్మా, ఆ అబ్బాయి మిలటరీకి వెళ్ళాల్సినవాడు" అన్నారు. "ఎల్లమనండి బాబూ, నా వడ్లు రాలినాక ఎల్లమనండి. తవరు కూడా రండి, గడ్డి తిరగెయ్యాల" అంది అప్ప.

అలా మా పరుగు సంఘం శీతాకాలపు కార్యక్రమం మారిపోయింది. మాస్టారు గడ్డి తిరగేశారు. ఖద్దరు పంచెవాడు ఎడ్ల వెనక బుట్ట పట్టుకుని నిలబడే పని చేశాడు. (పేడ గింజల్లో పడకూడదు. ఆ పనికి చూపు, సమయస్ఫూర్తి కావాలి. వాడు పెద్ద ఉద్యోగంలో రాణించడానికి పునాది అక్కడే పడిందని నా నమ్మకం.) నేను పనలు విప్పి పరిచాను. ఇక మా బావ, బంతి చివర, ఒక పలుపు నడుముకి చుట్టుకుని, పక్క ఎద్దు మెడమీద చెయ్యేసి, అప్ప అదిలిస్తుంటే పరుగెత్తాడు. అప్ప అదిలింపు మామూలుది కాదు. "హై... హై... పుల్లోడా, హై!" అంటే కాకులు కూడా వరసలో ఎగిరేవి. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. నేను పనలు విప్పడం మానేసి లెక్కపెడుతున్నాను. ఆలోచన వచ్చే చోటు దాటిపోయింది. ఇంకా దాటింది. ఎడ్లు అలిసిపోయి నురగలు కక్కేదాకా మా బావ ఆగలేదు. అప్ప "హో... సాలు!" అన్నాకే ఆగాడు.

మాస్టారు గడ్డికర్ర పారేసి పరుగెత్తుకొచ్చారు. "ఒరే, ఇంతసేపు ఎలా పరుగెత్తావురా? ఆలోచన రాలేదా?"

"వచ్చినాది మాస్టారూ. ఎందుకు తిరుగుతన్నాను అనే వచ్చినాది. కిందికి సూస్తే గింజలు రాల్తన్నాయి. మరింక ఆలోసన ఎల్లిపోనాది" అన్నాడు మా బావ.

ఆ మాట వినగానే మాస్టారి మొహం వెలిగిపోయింది. మర్నాటినుంచి చీకటితోనే గుంపు పరుగు తిన్నగా అప్ప కళ్ళానికే. అక్కడ మా మాస్టారు ఈల వేసేవారు, అప్ప అదిలించేది. నాలుగు రోజులు పోయేసరికి ఈలకి ఎడ్లు ఆగేవి, అదిలింపుకి మేం పరుగెత్తేవాళ్ళం. పరుగయ్యాక అప్ప పోసే చోడి అంబలిలో నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అదే అమృతం. మబ్బు మాత్రం ఆకాశంలో అలాగే వేలాడుతూ మమ్మల్ని కాపలా కాసింది.

ఒకరోజు పొద్దెక్కాక రోడ్డుమీద ఒక ఎద్దు, దాని పలుపు పట్టుకుని ఒక మనిషి కనబడ్డారు. ఎద్దు పుల్లెద్దు. మనిషి మా మావ. ఆ ఎద్దు ఊళ్ళు దాటి, శ్రీకాకుళం బజారు దాటి, నాగావళి దాటి, ఎక్కడా ఆగకుండా ఆమదాలవలస పోయి, అక్కడున్న కొట్లన్నీ వదిలేసి మా మావ ధాన్యం కొట్లోనే దూరిందట. (దీనికి సాక్షులున్నారు. నమ్మనివాళ్ళు ఆ ఎద్దుని అడగొచ్చు.) నాలుగు రోజులు కొట్లోనే కట్టి ఉంచి, దానికోసం ఎవరూ రాకపోయేసరికి, మావే పలుపు పట్టుకుని ఊరూరా అడుగుతూ దాని యజమానిని వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? తన ఎద్దు కాని ఎద్దు తన చేతిలో ఉంది, తన కొడుకు ఎడ్ల బంతిలో ఉన్నాడు.

మావ ఎద్దునీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అప్పతో అన్నాడు. "ఇది మారకమేటమ్మా? నా కొట్టుకి నీ ఎద్దుని పంపించి, నీ కళ్ళానికి నా కొడుకుని తెచ్చీసుకున్నావు!"

"మారకం నీకే లాబం బాబూ. నా ఎద్దు మాట్టాడదు" అంది అప్ప.

"అదీ నిజమే. కాటా పక్కన కుదురుగా నిలబడ్డాది. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఎందుకూ అని అడగనేదు. ఈడికన్నా నయం." మావ కొడుకు వైపు తిరిగాడు. "ఎద్దొచ్చీసినాది. ఇంటికి పద. సెలక్షనుకి నానే తీసుకెల్తాను. అటునుంచి అటే కొట్టుకి. కుర్సీ తుడిపించి పెట్టినాను."

మా బావ మొదటిసారి వాళ్ళ నాన్నకి ఎదురు చెప్పాడు. "నాన్నా, నూర్పు ఇంకా అవనేదు. మబ్బున్నాది" అన్నాడు. అంతే. పలుపు మళ్ళీ నడుముకి బిగించుకుని, పుల్లెద్దుని తన లోపలి పక్కకి కట్టించి, బయటి చోటులో తనే నిలబడ్డాడు. పుల్లెద్దు మా బావ వైపు ఒకసారి చూసి, ఏ అభ్యంతరం చెప్పకుండా లోపలికి జరిగింది. మావ పైపంచె నడుముకి చుట్టి, గట్టుమీద కూర్చుని సాయంత్రం దాకా చూశాడు. వెళ్ళేముందు ఒక గుప్పెడు కొత్త వడ్లు తీసి, అలవాటు కొద్దీ అరచేతిలో నలిపి, ఊది చూసుకున్నాడు.

నూర్పు అయింది. గింజ గాదెకెక్కింది. ఆ రాత్రే వాన పడింది. సెలవుల ఆఖరి రోజున మేం అనుకున్నట్టే శ్రీకూర్మం దాకా పరుగెత్తాం, ప్రసాదం తిన్నాం. దారిలో అదే ముసలాయన అదే వేపపుల్లతో నిలబడి మమ్మల్ని చూశాడు. ఈసారి ఎవరినీ లేపలేదు. "అప్ప ఎడ్లెల్తన్నాయిరా" అని లోపలికి చెప్పాడు, అంతే.

సెలక్షన్ల రోజు ఆమదాలవలసలో తెల్లారి పాసింజరెక్కి విజయనగరం బయల్దేరాం. మాస్టారు, బావ, మావ, నేను. రైలు కదులుతుండగా అప్ప ఎక్కింది. "నువ్వెందుకమ్మా?" అన్నాడు మావ. "నా ఎద్దుని పటాలానికి తోలుకుపోతంటే సూడ్డానికి రానేటి?" అంది.

కోటకి దగ్గర్లో ఉన్న మైదానంలో జనం. సున్నంతో గీసిన గుండ్రటి బాట. ఎత్తు, ఛాతీ సెబాసయ్యాయి. పరుగు మొదలైంది. మా బావ ముందే బయల్దేరాడు, బాగా పరుగెత్తాడు, కానీ అందరూ లోపలి గీత పట్టుకుని పరుగెత్తుతుంటే అతను మాత్రం బాటకి అన్నిటికన్నా బయటి అంచున పరుగెత్తుతున్నాడు. అప్పుడు మాకు తెలిసింది. రోజుల తరబడి బయటెద్దుగా తిరిగినవాడికి లోపలికి రావడమన్న ఊహే రాదు! "లోపలికి రారా! లోపలికి!" అని మాస్టారు జుట్టు పీక్కున్నారు. పక్కన పరుగెత్తుతున్నవాడి భుజంమీద చెయ్యి వెయ్యబోయి, వాడు ఉలిక్కిపడి పక్కకి దూకితే, మా బావ క్షమించమన్నట్టు తలూపి మళ్ళీ బయటికే వెళ్ళాడు. అంత పెద్ద చుట్టు తిరుగుతూ కూడా ముందు వరసలోనే ఉన్నాడు. ఒక్క చుట్టు మిగిలింది.

అప్పుడు కిందికి చూశాడు. కింద గింజల్లేవు. వట్టి ఎర్రమట్టి. అడుగు నెమ్మదించింది. మొహం పైకెత్తాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు. "మావా, ఆలోచన వచ్చేసింది" అన్నాను. మావ కళ్ళు మూసుకున్నాడు. కొడుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని అన్నాళ్ళూ పంతం పట్టిన మనిషి, నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్ళ గుర్తులు వారందాకా పోలేదు. "ఆగకురా... నాయినా, ఆగకు" అంటున్నాడు నోట్లో నోట్లో.

పక్కనుంచి అప్ప లేచింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"హై... హై... పుల్లోడా! హై!"

మైదానం దద్దరిల్లింది. జట్కాబళ్ళ గుర్రాలు రెండు బళ్ళతో సహా కదిలిపోయాయి. పరుగెత్తుతున్నవాళ్ళలో ముగ్గురు పల్లెటూరి కుర్రాళ్ళు తెలియకుండానే జోరు పెంచారు. (వాళ్ళు కూడా సెలక్టయ్యారనీ, మా అప్ప చలవేననీ నేనంటాను.) మా బావ సంగతి చెప్పేదేముంది? ఆలోచనని ఎర్రమట్టిలో వదిలేసి, బయటి అంచునే, అందర్నీ దాటి, ఆఖరి గీత తొక్కేశాడు. తొక్కి, ఆగకుండా మళ్ళీ చుట్టు మొదలెట్టాడు. ఆఫీసర్లు ఈల వేశారు, చేతులూపారు, ఒక జవాను వెంటపడ్డాడు. ఆగడే! అప్ప "హో... సాలు!" అన్నాక గానీ ఆగలేదు. పెద్దాఫీసరు నోరు తెరిచి, ఈవిడెవరని హిందీలో అడిగాడు. మా మాస్టారు ఖాకీ నిక్కరు సర్దుకుని, నిటారుగా నిలబడి, "మా సంఘం శిక్షకురాలు" అన్నారు.

బావ నెగ్గాడు. మావ కొడుకుని కావలించుకుని ఏడ్చాడు, అప్పకి దండం పెట్టాడు, మాస్టారికి దండం పెట్టాడు. ఆ తర్వాత పైపంచెతో కళ్ళు తుడుచుకుని, స్థిమితపడి, వ్యాపారస్తుడి చూపుతో చుట్టూ చూశాడు. ఆ చూపు నామీద ఆగింది. "మరైతే కుర్సీ కాళీగా ఉండిపోనాది కదరా" అన్నాడు.

పరుగెత్తవలసిన అసలు సమయం అదే. మొద్దులా నిలబడిపోయాను.

అలా పటాలానికి మా బావ వెళ్ళాడు, కాటా పక్కన కుర్చీలోకి నేను వెళ్ళాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ కుర్చీతో పాటు వాళ్ళమ్మాయినీ నాకే ఇచ్చారు. (అల్లుడెందుకు పరుగెత్తాలో ఇప్పుడర్థమైందనుకుంటాను. పక్కగదిలోంచి దగ్గు వినబడుతోంది.) బస్తాలొచ్చాయి, బస్తాలెళ్ళాయి, నా పొట్ట మాత్రం వచ్చింది గానీ వెళ్ళలేదు. బావ పెద్ద మీసాలతో రిటైరై వచ్చాడు. మంచుకొండల్లో కాళ్ళు ఇంక సాగవనిపించినప్పుడల్లా చెవిలో "హై పుల్లోడా" అని వినబడేదట. ఇప్పుడు రోజూ మా కొట్టుకొచ్చి నా ఎదురుగా బస్తామీద కూర్చుని, ఎక్కడికీ కదలకపోవడంలో ఉన్న సుఖం గురించి నాకు చెప్తుంటాడు.

డాక్టరు మొన్న నా పొట్ట నొక్కి చూసి, పొద్దున్నే పరుగెత్తమన్నాడు. సరే కదాని జోళ్ళు కొని, చీకటితో రోడ్డెక్కాను. నా ముందూ వెనకా బోలెడుమంది పరుగెత్తుతున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. పాలబండివాడు పక్కకి తప్పుకున్నాడు, వంతెన మీద పోలీసాయన ఆవులించాడు. ఇంతమంది పరుగెత్తుతుంటే ఒక్కడికీ ఏమయిందో తెలుసుకోవాలని లేదు. మనసుకి ఎలాగో అనిపించింది. కొంతదూరం పోయేసరికి నాకే ఆలోచన వచ్చేసింది. ఆగిపోదామనుకుంటుండగా, తోటకూర తట్ట దించుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను చూసి గాభరాగా లేచింది.

"ఏటయ్యింది బాబూ? ఎందుకలగ పరిగెడతన్నావు?"

నోటిదాకా మాట వచ్చింది. కానీ సంఘం నియమం ఉంది కదా. చెయ్యెత్తి ముందుకు చూపించాను. వెనకనుంచి "ఓలమ్మో!" అన్న కేక, ఆ వెంటనే కాళ్ళ కడియాల చప్పుడు వినబడ్డాయి. ఆ ముసలమ్మకి ఏం జవాబు చెప్పుకోవాలో తర్వాత చూసుకోవచ్చనుకుని, పొట్ట రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, రోడ్డు బయటి అంచున, ఆ రోజు ఇంటిదాకా ఆగకుండా పరుగెత్తాను.